నాలుగో జాము దండు: ఒక కవచం తయారీ డైరీ

మార్చి 8

ప్రతి ఆదివారం మధ్యాహ్నం తార్నాకలో మా పిన్ని వాళ్లింట్లో ఐదుగురం చేరి రోల్‌ప్లేయింగ్ గేమ్ ఆడతాం. తెలియనివాళ్ల కోసం రెండు ముక్కల్లో చెప్తాను. ఒకరు కథ నడుపుతారు, మిగతావాళ్లు తలా ఒక పాత్ర అవుతారు, ఎక్కడైనా గెలుపో ఓటమో తేలాల్సి వస్తే ఇరవై ముఖాల పాచిక వేస్తారు. మాకు కథ నడిపేది పిన్ని కొడుకు. జూలైలో కొత్త కథ మొదలవుతుంది, అందులో వేకువ దేవుణ్ని కొలిచే వీరుల దండు ఒకటి కావాలి, దాని పుట్టుపూర్వోత్తరాలు, కట్టుబాట్లు, వేషం అన్నీ నువ్వే చూడు అక్కా అని నాకు అప్పజెప్పాడు. కాగితం మీద రాసి ఊరుకోను, కవచం కూడా చేసి మొదటి రోజు వేసుకునే వస్తానని మాటిచ్చాను. నాలుగు నెలల టైముంది.

వేకువ దేవుడి వీరులు అనగానే ఫాంటసీలో అందరికీ ఒకటే బొమ్మ గుర్తొస్తుంది. బంగారు కవచం, ఛాతీ మీద పెద్ద సూర్యుడు, తెల్ల గుర్రం. తమ్ముడు వాట్సాప్‌లో పంపినవి పదిహేను బొమ్మలైతే పదిహేనూ అవే. నాకు మొదటినుంచీ అక్కడే మనసు ఒప్పడం లేదు. సూర్యుడు పైకి వచ్చాడంటే వేకువ అయిపోయినట్టే కదా. మన పెద్దలు ఈ రెండింటినీ వేరువేరుగానే చూశారు, ఋగ్వేదంలో ఉషస్సు మీద ఇరవై దాకా సూక్తాలు విడిగానే ఉన్నాయి. కాబట్టి మొదటి నిర్ణయం ఇది: మా దండు కవచం మీద సూర్యుడి బొమ్మ ఉండదు. దాని బదులు ఏముంటుందో ఇంకా తెలీదు.

మార్చి 11

పేరు దొరికింది, దొరికింది నాన్న దగ్గర.

నాన్న మౌలాలి లోకో షెడ్‌లో పనిచేసి రిటైర్ అయ్యారు. నా చిన్నప్పుడు నెలలో సగం రోజులు నైట్ డ్యూటీలే. పొద్దున ఆయన సైకిల్ బెల్ విని నేను లేచేదాన్ని. రాత్రి భోజనాల దగ్గర దండు సంగతి చెప్పి, తెల్లవారుజామున కాపలా కాసేవాళ్లు ఎలా ఉంటారు నాన్నా అని అడిగితే, కాసేపు ఆలోచించి ఇలా అన్నారు: "మూడింటి దాంక ఎట్లనో నడుస్తది బిడ్డా. ముచ్చట్లు పెడ్తరు, చాయ్ తాగుతరు. మూడు నుంచి ఐదు ఉంటది చూడు, గదే అసలు డ్యూటీ. అప్పుడు ఎవ్వడూ మాట్లాడడు."

రాత్రికి నాలుగు జాములు, జాముకు మూడు గంటలు. నాన్న చెప్పిన వేళ నాలుగో జాములోదే. ఒంట్లో వేడి రోజు మొత్తమ్మీద బాగా తగ్గేది కూడా దాదాపు నాలుగు, ఐదు గంటల మధ్యే, అందుకే ఆ వేళ కళ్లు వాటంతటవే మూసుకుపోతాయి. వేకువ దేవుణ్ని కొలవడం అంటే తెల్లారాక పూలు చల్లడం కాదు, తెల్లారే దాకా ఊరి తరఫున మేలుకుని ఉండడం. అందుకే నాలుగో జాము దండు.

దేవుడి పేరు వేగుదేవర. వేగు అంటే తెల్లవారడం, వేగుచుక్క అందులోంచే వచ్చింది. వేగు అంటే రహస్యంగా తెచ్చే కబురు కూడా, వేగులవాడు అంటాం కదా. ఒకే మాటలో ఈ రెండూ ఉండటం నాకు ఎంత నచ్చిందో చెప్పలేను. చీకట్లో తిరిగి కబురు తెచ్చేవాళ్లు, తెల్లారే దాకా కాచేవాళ్లు, ఇద్దరూ ఒకే దండు.

మార్చి 15

దేవుడికి కథ కావాలి. కొత్తగా కల్పించే ముందు మనకున్న వేకువ వేల్పు ఎవరా అని చూస్తే అనూరుడు. ఆదిపర్వంలో ఉన్న కథే. వినతకు రెండు గుడ్లు. ఐదు వందల ఏళ్లయినా పొదగకపోయేసరికి, సవతి పిల్లలు అప్పటికే పుట్టేశారని తట్టుకోలేక, తొందరపడి ఒక గుడ్డు పగలగొట్టింది. అందులోంచి తొడలు లేని బిడ్డ బయటపడ్డాడు. ఊరువులు లేనివాడు కాబట్టి అనూరుడు, అంటే మన అరుణుడు. రెండో గుడ్డునైనా ఆగి కాపాడుకో అని తల్లికి చెప్పి వెళ్లిపోయాడు, ఆ రెండోవాడే గరుత్మంతుడు. ఆ తర్వాత సూర్యుడు కోపంతో లోకాన్ని కాల్చేస్తుంటే, అరుణుణ్ని తీసుకెళ్లి రథం ముందు కూర్చోబెట్టారు, ఆ వేడి లోకానికి తగలకుండా అడ్డంగా.

ఇది చిన్నప్పటినుంచీ తెలిసిన కథే కానీ ఇవాళ చదువుతుంటే వేరేగా తగిలింది. వేకువ సూర్యుడి ముందు నడిచే భటుడు మాత్రమే కాదు, సూర్యుడికీ మనకీ మధ్య ఉన్న డాలు. మా వేగుదేవర కథ వేరుగానే రాశాను, అరుణుణ్ని ఉన్నపళంగా ఎత్తి ఆటలో పెట్టే ఉద్దేశం నాకు లేదు. కానీ రెండు సంగతులు మాత్రం తీసుకున్నాను. ఒకటి, ఈ దండుకు కత్తి కంటే డాలు ముఖ్యం. రెండోది, దండులో ఎవరూ తొడలకు కవచం కట్టరు. దేవుడికి లేని చోట తమకు రక్షణ అక్కర్లేదని వాళ్ల నమ్మకం. శత్రువులకు ఈ సంగతి తెలుసు, అక్కడే కొడతారు. అయినా కట్టరు. తమ్ముడికి ఫోన్‌లో ఇది చెప్తే రెండు సెకన్లు ఏమీ అనలేదు, తర్వాత "అక్కా ఇది ఉంచేద్దాం" అన్నాడు.

మార్చి 22

ఈ వారమంతా కట్టుబాట్లు రాశాను. ఎక్కువ సాయం నిజం చరిత్రలోంచే దొరికింది. జెరూసలేంలో 1119 ప్రాంతంలో మొదలైన టెంప్లర్లకు, అంటే సన్యాసుల్లా బతికే క్రైస్తవ వీరుల దండుకు, 1129లో ఫ్రాన్స్‌లోని ట్రోయ్ ఊళ్లో జరిగిన చర్చి సభలో ఒక నియమావళి ఇచ్చారు, 72 నియమాలు. అది, దానికి తర్వాత చేరిన కట్టడులు చదువుతుంటే యుద్ధం కంటే రోజువారీ బతుకే ఎక్కువ కనిపిస్తుంది. ఎవరికి ఎన్ని గుర్రాలు, ఏ గుడ్డ, ఎప్పుడు మాట్లాడాలి, ఎప్పుడు ఊరుకోవాలి. ఒక్కో వీరుడికి మూడు గుర్రాలు, ఒక సహాయకుడు. రాత్రి ప్రార్థన అయ్యాక నేరుగా వెళ్లి పడుకోకూడదు, ముందు గుర్రాల్నీ సామాన్లనీ చూసుకోవాలి. ఈ ఒక్క ముక్కతో ఆ మనుషులు నా కళ్లముందుకు వచ్చేశారు, నిద్రకళ్లతో లాయంలో గుర్రం కాళ్లు తడిమి చూస్తున్నట్టు.

నాకు బాగా పనికొచ్చింది ఇంకొకటి. కళ్లేలకు, రికాబులకు బంగారం వెండి పనితనం ఉండకూడదని వాళ్ల నియమం. ఎవరైనా అలాంటి పాత సామాను దానంగా ఇస్తే, ఆ మెరుపు కనపడకుండా దాన్ని మసకబార్చి వాడుకోవాలి. అంటే నేను బంగారు కవచం వద్దనుకోవడానికి నిజంగానే ఒక ఆధారం ఉంది.

మా దండుకు ఇలా రాశాను. సూర్యోదయానికి 96 నిమిషాల ముందు, అంటే బ్రాహ్మీ ముహూర్తం మొదలయ్యేసరికి అందరూ లేచి ఉండాలి. ముందు గుర్రాలు, తర్వాత ఊరి బావి తాడు, ఆ తర్వాతే ప్రార్థన. గంట కొట్టే వేళ ఏడాది పొడవునా ఒకటే ఉండదు, హైదరాబాద్‌లోనే చూడండి, జూన్‌లో 5:40కల్లా సూర్యుడు వచ్చేస్తాడు, జనవరిలో 6:50 దగ్గర పడుతుంది. అందుకని ప్రతి కోటలోనూ ఆ లెక్క చూసే మనిషి ఒకరుంటారు. కాపలాలో దీపం పట్టుకోకూడదు. కళ్లు చీకటికి బాగా అలవాటు పడటానికి ఇరవై ముప్పై నిమిషాలు పడుతుంది, ఒక్కసారి దీపం చూస్తే అదంతా పోయినట్టే. కొత్తగా చేరినవాళ్లను లెంకలు అంటారు. కాకతీయుల శాసనాల్లో కనిపించే మాట ఇది, ఏలికను అంటిపెట్టుకుని ఉండే బంటు అని అర్థం.

మార్చి 28

సాలార్‌జంగ్ మ్యూజియం. ఆయుధాల గ్యాలరీలో రెండు గంటలు గడిపాను. సెక్యూరిటీ ఆయన ఏమనుకున్నారో గానీ వెళ్లేటప్పుడు నవ్వి, మళ్లీ రండి మేడమ్ అన్నారు.

ఇప్పటిదాకా యూరప్ తరహా ఛాతీ కవచం చేద్దామనుకున్నాను, ఆ ఆలోచన ఇవాళ్టితో వదిలేశాను. మన దగ్గర, పర్షియాలో, చార్ ఆయినా అని ఒక కవచం ఉండేది. నాలుగు అద్దాలు అని ఆ మాటకు అర్థం. గొలుసు చొక్కా మీద నాలుగు ఉక్కు పలకలు తోలు పటకాలతో కట్టుకుంటారు. ఛాతీకి ఒకటి, వీపుకు ఒకటి, పక్కలకు చెరొకటి. పక్క పలకలకు పైన చంక దగ్గర అర్ధచంద్రాకారంగా కోత ఉంటుంది, చెయ్యి ఆడటానికి.

నాలుగు పలకలు, నాలుగు దిక్కులు! వేకువకు ఎదురుగా తూర్పు తిరిగి నిలబడే మనిషికి ఛాతీ పలక తూర్పు, వీపు పలక పడమర. పక్కలు ఉత్తరం, దక్షిణం. బయటికి వచ్చి అఫ్జల్‌గంజ్‌లో బస్సు కోసం నిలబడి నోట్‌బుక్‌లో గీసేశాను. చేతికి కూడా ఇదే సుళువు, ఒంపులున్న పెద్ద కవచం కంటే నాలుగు పలకలు చెయ్యడం చాలా నయం.

ఏప్రిల్ 5

పని మొదలు. పిల్లల గదుల్లో పరిచే పజిల్ మ్యాట్లు, 10 మిల్లీమీటర్ల మందం ఈవీఏ ఫోమ్, కోఠీలో నాలుగు ముక్కల సెట్ రెండు కొన్నాను. అంచులకు 2 మిల్లీమీటర్ల పల్చటి షీట్ వేరే.

కొలతల కోసం పాత టీషర్ట్ వేసుకుని, దాని మీద ప్లాస్టిక్ ర్యాప్ చుట్టి, పైన మాస్కింగ్ టేప్ వేయించుకున్నాను అమ్మ చేత. దాని మీదే స్కెచ్ పెన్నుతో పలకలు గీసి, కత్తిరించి పరిస్తే అదే నమూనా. ఛాతీ పలక 36 సెంటీమీటర్ల పొడవు, 30 వెడల్పు. వీపుది కొంచెం పెద్దది. పక్కవి 22, 18.

కోసేటప్పుడు ఒకటే సూత్రం, కొత్త బ్లేడు. నాలుగైదు కోతలకోసారి కటర్ కొన విరిచేయాలి, మొద్దుబారిన బ్లేడు ఫోమ్‌ని కోయదు, చింపుతుంది. తర్వాత హీట్ గన్‌తో పైపైన వేడి చేస్తే ఫోమ్ రంధ్రాలు మూసుకుపోయి కొంచెం మెరుపు వస్తుంది, అప్పుడే ఆపెయ్యాలి. ఒంపు కోసం మళ్లీ వేడి చేసి ఇంట్లో స్టీలు బిందె మీద వేసి చల్లారే దాకా రెండు చేతులతో పట్టుకున్నాను. బిందె పొట్ట ఒంపు మనిషి ఛాతీకి అతికినట్టు సరిపోయింది.

ఏప్రిల్ 12

అంచులు అతికించడం. సన్‌మైకా అతికించే రబ్బరు గమ్ వాడుతున్నాను. మొదటి రెండు అంచులు లేచిపోయాయి. మల్కాజ్‌గిరి స్టేషన్ దగ్గర చెప్పులు కుట్టే పెద్దాయన రోజంతా అదే గమ్‌తో పనిచేస్తాడు కదా అని ఫోమ్ ముక్క పట్టుకెళ్లి అడిగాను. ఆయన గమ్ రెండు ముక్కలకూ పల్చగా రాసి, బల్ల మీద పెట్టి, వేరే చెప్పు పని చూసుకోవడం మొదలుపెట్టాడు. నేను ఎదురుచూస్తున్నాను. పది నిమిషాలు దాటాక వేలి వెనకవైపుతో తాకి చూపించాడు: "వేలికి అంటొద్దు, కానీ వేలిని పట్టాలె. అప్పుడే కలపాలె. తొందరపడితే ఎన్నటికీ అంటుకోదు బిడ్డా." కలిపి ఒక్కసారి గట్టిగా నొక్కాడు, ఆ ముక్కను ఇప్పుడు లాగినా ఫోమ్ చిరుగుతుంది గానీ అతుకు ఊడదు.

ఇంటికొచ్చి దండు నియమాల్లో లెంకల శిక్షణ గురించి ఒక పేరా కలిపాను. చేరిన మొదటి ఏడాది వాళ్ల పని కవచాలు అతకడం, పటకాలు కుట్టడం. గుడ్డు పగలగొట్టిన తొందర ఎవరిలో ఉందో అక్కడే బయటపడుతుంది.

ఏప్రిల్ 26

ఈ రోజు జరిగింది వివరంగా రాసుకోవాలి, మొత్తం ప్రాజెక్టులో నాకు అన్నిటికంటే సంతోషం కలిగించిన రోజు ఇదే.

ఛాతీ పలక రంగు రెండు వారాలుగా తేలడం లేదు. బంగారం కాదు సరే, మరి ఏంటి? వేకువ రంగులు పూసేస్తే కవచంలా ఉండదు, గోడ మీద బొమ్మలా ఉంటుంది. ఉక్కుకు ఆ రంగులు ఎలా వస్తాయి అన్నదే ప్రశ్న. నాన్నను అడిగితే ఏమీ చెప్పకుండా లేచి, టూల్ డబ్బాలోంచి వాడేసిన హ్యాక్సా బ్లేడు ఒకటి తీశారు. ఎమరీ పేపర్‌తో పెయింట్ అంతా గీకి అద్దంలా చేశారు. పట్టకారుతో పట్టుకుని ఒక కొన మాత్రం గ్యాస్ స్టవ్ మంటలో పెట్టారు.

అర నిమిషం ఏమీ లేదు. తర్వాత మంటకు కొంచెం అవతల లేత గడ్డి రంగు గీత పుట్టింది, ఎండిన వరిగడ్డి రంగు. అది మెల్లగా చల్లటి కొన వైపు జరుగుతుంటే దాని వెనకాల గోధుమ రంగు, దాని వెనకాల సన్నగా ఊదా, ఆ వెనక చిక్కటి నీలం. ఒకదాన్ని ఒకటి తోసుకుంటూ బ్లేడు మీద నడుస్తున్నాయి. నాన్న మంటలోంచి తీసి నీళ్లలో ముంచేసరికి అన్నీ ఉన్నచోట ఆగిపోయాయి.

ఉక్కు వేడెక్కినప్పుడు పైన ఏర్పడే సన్నటి ఆక్సైడ్ పొర వల్ల వచ్చే రంగులివి. దాదాపు 220 డిగ్రీలకు గడ్డి రంగు, 280 దగ్గర ఊదా, 300కి నీలం. పూర్వం కమ్మరులు పనిముట్టుకు గట్టిదనం ఎంత ఉంచాలో ఈ రంగు చూసే చెప్పేవారు. నాన్న కూడా షెడ్‌లో అలాగే నేర్చుకున్నారట.

బ్లేడును వేడి తగిలిన కొన పైకి వచ్చేలా నిలబెట్టి చూశాను. పైన నీలం, దాని కింద సన్నటి ఊదా పట్టీ, అట్టడుగున వెడల్పుగా గడ్డి పసుపు. ఐదుంబావుకి మా డాబా మీంచి తూర్పు వైపు కనిపించే ఆకాశం అదే, అదే వరుసలో! నేను బ్లేడు పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

కాబట్టి నాలుగో జాము దండు కమ్మరులు కవచానికి రంగు వెయ్యరు. సానపట్టిన పలకను పై అంచు నుంచి మాత్రమే వేడి చేస్తారు, రంగులు కిందికి నడుస్తుంటే కనిపెట్టి చూస్తూ సరైన క్షణంలో ముంచేస్తారు. ఒక్క క్షణం ఆలస్యమైతే అంతా నీలమైపోతుంది. వీళ్ల ఉక్కు ఊరిని ఆటలో తెలంగాణ వైపు పల్లెలాగానే పెట్టాను. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో ఒకప్పుడు పర్షియా వ్యాపారులు వచ్చి కూర్చుని మరీ ఉక్కు కొనుక్కెళ్లేవారు, మన ఆటలోని కమ్మరులకు అంతకంటే మంచి పుట్టిల్లు ఎక్కడ దొరుకుతుంది.

మే 4

నష్టం. పలకలు నాలుగూ పూర్తయ్యాక, ఇంట్లో గమ్ వాసన వస్తోందని డాబా మీద వాటర్ ట్యాంక్ పక్కన రేకుల గదిలో పెట్టాను. రెండు రోజులు మధ్యాహ్నాలు 42 డిగ్రీలు. ఇవాళ తలుపు తీస్తే లోపల పొయ్యిలా ఉంది. పక్క పలకలు రెండూ అప్పడాల్లా చదునైపోయాయి, ఛాతీ పలక ఒంపు సగం పోయింది, మూడు చోట్ల అంచు లేచింది. నెల రోజుల పని. మెట్ల మీద కాసేపు కూర్చుండిపోయాను, ఏడుపొచ్చింది.

కారణం చెప్పాలంటే, వేడితో వచ్చిన ఒంపును వేడే తీసేసింది. ఈవీఏ మెత్తబడటానికి పెద్ద మంట అక్కర్లేదు, మే నెలలో రేకుల కింద ఉండే వేడి రెండు రోజులు తగిలితే చాలు. రబ్బరు గమ్ కూడా ఆ వేడికి మెత్తబడుతుంది. ఇది చేసేవాళ్లెవరైనా హైదరాబాద్ ఎండాకాలంలో కవచాన్ని కారు డిక్కీలో కూడా పెట్టకండి.

మే 9

బాగుచేశాను. మళ్లీ బిందె మీద ఒంపు తెచ్చి, ఈసారి లోపలి వైపు దళసరి గాడా గుడ్డ గమ్‌తో అతికించాను, పూర్తిగా ఆగి, పెద్దాయన చెప్పినట్టే. గుడ్డ సాగదు కాబట్టి ఒంపు పట్టుకుని ఉంటుంది. ఇప్పుడు పలకలు బీరువా అడుగున, లోపల టవళ్లు కుక్కి ఉన్నాయి.

మే 17

నిన్న సాయంత్రం గాలివాన కొట్టింది, కరెంటు రాత్రి పదింటికి వచ్చింది. దుమ్మంతా కడుక్కుపోయుంటుందని పొద్దున 4:45కి అలారం పెట్టుకుని డాబా ఎక్కాను. వెళ్లింది తూర్పు చూడటానికే, వీపు పలక సంగతి ఇంకా తేలలేదు. అప్పటిదాకా పడమర అంటే చీకటి కాబట్టి నల్లగా వదిలేద్దాం అనుకున్నాను.

సూర్యోదయం 5:43. ఐదున్నర ప్రాంతంలో తూర్పు పసుపుకు తిరిగాక, మెడ నొప్పి పుట్టి ఊరికే వెనక్కి తిరిగాను. పడమర వైపు సికింద్రాబాద్ మేడల మీద ఆకాశం అడుగున బూడిద కలిసిన నీలి పట్టీ ఉంది, మబ్బు అనుకున్నాను. దాని పైన, ఈ చివర నుంచి ఆ చివరకు, లేత గులాబీ రంగు పట్టీ. చూస్తుండగానే ఆ నీలి పట్టీ కిందికి దిగుతోంది, గులాబీ దాన్ని అణుచుకుంటూ వస్తోంది. సూర్యుడు వచ్చేసరికి రెండూ లేవు.

ఆ నీలి పట్టీ మబ్బు కాదు, భూమి నీడ. మనం నిలబడ్డ ఈ నేల నీడే ఎదురుగా గాలి పొరల మీద పడుతుంది. దాని పైన ఉన్న గులాబీ రంగును బెల్ట్ ఆఫ్ వీనస్ అంటారు. తూర్పు నుంచి చాలా దూరం గాలిలో ప్రయాణం చేసి ఎర్రబడిన వెలుతురు పడమటి గాలిని తాకి మన వైపుకు తిరిగి వస్తుంది. వీనస్ అంటే శుక్రుడు, అంటే మన వేగుచుక్క. ఆ పేరుకు గ్రహంతో సంబంధం లేకపోయినా, మా దండుకు మాత్రం సంబంధం ఉంది!

వీపు పలక తేలిపోయింది. కింద బూడిద నీలం, పైన సన్నటి గులాబీ పట్టీ. దండులో తూర్పు తిరిగి నిలబడిన మనిషికి తన వీపు మీద ఏముందో ఎప్పటికీ కనపడదు, వెనక వరుసలో ఉన్నవాడికే కనిపిస్తుంది. అట్టడుగు లెంక దగ్గర్నుంచి దండనాయకుడి దాకా ప్రతివాడి వీపు మీదా వెనకవాడి కోసం ఒక వేకువ ఉంటుంది. ఒక్క ఆఖరి వరుసవాడి వీపును మాత్రం చూసేవాళ్లు ఎవరూ ఉండరు. తమ్ముడికి మెసేజ్ పెట్టాను, ఆఖరి వరుసలో నిలబడటమే ఈ దండులో అన్నిటికంటే పెద్ద గౌరవం అని.

మే 31

రంగులు. ఫెవికాల్‌లో సమానంగా నీళ్లు కలిపి ఐదు పూతలు, ఒక్కోటి పూర్తిగా ఆరాక. తర్వాత నలుపు, దాని మీద స్పాంజితో వెండి రంగు అద్దడం. ఆ పైన నీలం, ఊదా, గోధుమ, గడ్డి పసుపు ఇంకులు, వెండి కింద నుంచి కనిపించేంత పల్చగా. హ్యాక్సా బ్లేడును పక్కనే పెట్టుకుని వేశాను. ఊదా పట్టీ ఎంత సన్నగా ఉందో అంతే ఉంచాలి, అక్కడే చెయ్యి ఆగదు, అందంగా ఉందని ఇంకొంచెం ఇంకొంచెం వేసేస్తాం. రెండుసార్లు తుడిచి మళ్లీ వేశాను.

పక్క పలకలు రెండింటినీ బిద్రీ పనిలా చేశాను. లోహంలో వెండి తీగ పొదిగి, బీదర్ కోట మట్టితో నల్లబరుస్తారే, ఆ నలుపు. మసి నలుపు మీద సన్నటి వెండి గీతలు, వేగుచుక్క, లత, అంతే. ఉత్తరానికీ దక్షిణానికీ ఇంకా రాత్రే.

జూన్ 14

గొలుసు చొక్కా మా మేనత్త చేసిపెట్టింది. నిజం ఇనప రింగులతో చేస్తే బరువు మొయ్యలేను, అందుకని బూడిద రంగు దళసరి ఊలుతో క్రోషియా అల్లి, పైన వెండి రంగును పొడి బ్రష్‌తో అద్దాం. నాటకాలవాళ్లు వాడే పద్ధతే. "ఇంత కష్టపడి ఏ దేవుడికమ్మా ఇది?" అని అడిగింది అత్తయ్య, కథంతా చెప్పాను, వింటూనే రెండో చెయ్యి అల్లేసింది. చివర్లో, తొడలకు ఏమీ కట్టరన్నావు కదా, మరి చొక్కా మోకాళ్ల దాకా ఎందుకు అని పట్టుకుంది. నిజమే. నడుము దగ్గరే ఆపించాను.

భుజాలకు యూరప్ తరహా గిన్నెల్లాంటివి వద్దని మన భుజకీర్తులే పెట్టాను, యక్షగానంలో కట్టుకునేలాంటివి, కాకపోతే చిన్నవి, అద్దాలు లేకుండా.

జూన్ 28

ఆఖరి పరీక్ష. నాలుగు పలకలు పటకాలతో సహా కిలో రెండు వందల గ్రాములు తూగాయి. 4:40కి డాబా మీద వేసుకుని తూర్పు తిరిగి నిలబడ్డాను. వానాకాలమైనా అదృష్టం కొద్దీ మబ్బు అడుగున లేదు. నాన్న కుర్చీ తెచ్చుకుని ముందు నాకు ఎదురుగా కూర్చున్నారు, ఫోన్ లైట్ వెయ్యొద్దని ముందే చెప్పాను.

మసక వెలుతురులో మన కంటికి ఎరుపు ముందు పోతుంది, నీలం ఆఖరికి పోతుంది. వెలుగు పెరిగేటప్పుడు అదే తిరగబడుతుంది. ఇది నేను చదివి ఉన్నాను, కవచం మీద ఎలా ఉంటుందో మాత్రం చూడలేదు. కవచం వేసుకున్న మనిషికి కనపడదు కాబట్టి నాన్న చెప్తుంటే విన్నాను. 4:50కి అంతా బూడిదే అన్నారు. ఐదు దాటాక పైన కొంచెం నీలం తేలుతోంది అన్నారు. తర్వాత చాలాసేపు ఏమీ అనలేదు. 5:20కి "గడ్డి రంగు వచ్చింది బిడ్డా" అన్నారు, ఊదా ఏమైంది నాన్నా అంటే, "ఆగు, వస్తది" అన్నారు.

తర్వాత లేచి, కుర్చీ తీసుకుని నా వెనక్కి వెళ్లి కూర్చున్నారు. కింద వీధిలో పాల బండి వెళ్లింది, మౌలాలి వైపు నుంచి ఇంజిన్ హారన్ వినపడింది. నాకు ఎదురుగా తూర్పు పసుపెక్కుతోంది, వెనక నాన్న ఏం చూస్తున్నారో తెలీదు, తిరగకూడదని నియమం నేనే రాశాను.

"నీ వీపు మీద గులాబీ గీత కనిపిస్తున్నది," అన్నారు. టైం చూశాను, 5:29.

ఎడమ పటకా బకిల్ ఒక కన్నం వెనక్కి జరపాలి, చెయ్యెత్తితే పక్క పలక చంకలో గుచ్చుకుంటోంది. డాలు పిడికి తోలు ఇంకా చుట్టలేదు. వచ్చే ఆదివారం తార్నాక.